గాలిమర రెక్కలలో రంగుల రసాయనం

డబ్లిన్ నగర కేంద్రానికి పడమరగా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, లిఫీ నది ఒడ్డున ఉన్న లూకన్ 18వ శతాబ్దంలో గంధకపు ఊటకు పేరుపొందిన గ్రామం. ఆ నీటిని తాగి ఆరోగ్యం పొందాలని దూరప్రాంతాల నుంచి జనం వచ్చేవారు. నేడు అది డబ్లిన్ శివారుగా విస్తరించింది. ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ కనిపిస్తాయి. ఉగాది పచ్చడి, బతుకమ్మ ఆట, పిల్లల అక్షరాభ్యాసం, చలికాలపు మంచు, ఇలా ప్రతి సందర్భమూ ఛాయాచిత్రంగా మారుతుంది. ఆ చిత్రాలన్నీ చేతి ఫోనులో చిటికెన వేలి గోరంత పరిమాణం గల ఒక రంగుల గుర్తు వెనుక దాగి ఉంటాయి. ఆ గుర్తును తాకితే చాలు, గుంటూరులోని తాతగారి షష్టిపూర్తి మొదలు నిన్నటి పుట్టినరోజు దాకా కళ్లముందు నిలుస్తుంది.

ఇంతటి బరువును మోసే ఆ చిన్న గుర్తు ఎలా రూపొందింది? కాలక్రమంలో ఎందుకు మారుతూ వచ్చింది? అందులోని రంగులు కాంతిని గురించి, కంటిని గురించి ఏమి తెలియజేస్తాయి? ఏ విషయాన్ని మరుగుపరుస్తాయి? ఈ ప్రశ్నలకు సమాధానం భౌతిక, రసాయన శాస్త్రాల సరిహద్దులో లభిస్తుంది.

చిహ్నాల వంశవృక్షం

ఛాయాచిత్రాలను చూపే సాధనాలలో మొదట విస్తారంగా వాడుకలోకి వచ్చినవాటిలో ‘పికాసా’ ఒకటి. లైఫ్‌స్కేప్ అనే సంస్థ 2002లో రూపొందించిన ఈ సాధనాన్ని గూగుల్ సంస్థ 2004 జూలైలో తన సొంతం చేసుకుంది. చిత్రకారుడు పికాసో పేరు, ‘నా ఇల్లు’ అనే అర్థం గల స్పానిష్ మాట, చిత్రం అనే అర్థం గల ఆంగ్ల పదం, ఈ మూడూ కలిసి ఆ పేరు ఏర్పడింది. దాని గుర్తు కెమెరాలోని షట్టర్. కాంతి ప్రవేశించే ద్వారాన్ని తెరచి మూసే రెక్కలు అందులో రంగులు పులుముకొని వలయంగా అమరి ఉండేవి. అంటే తొలి దశలో గుర్తు యంత్రాన్ని చూపింది. ‘ఇది కెమెరాకు చెందిన పని’ అని వినియోగదారుకు చెప్పడం దాని ఉద్దేశం.

2007లో వచ్చిన ఆపిల్ సంస్థ ఐఫోను వేరొక మార్గం ఎంచుకుంది. దాని ఫోటోల గుర్తు నీలాకాశం నేపథ్యంలో పొద్దుతిరుగుడు పువ్వు. యంత్రానికి బదులు యంత్రం తీసిన చిత్రమే గుర్తు అయింది. 2013 సెప్టెంబరు 18న విడుదలైన ఏడవ రూపాంతరంలో ఆ పువ్వు మాయమై, ఎనిమిది రంగుల రేకులు ఒకదానిపై ఒకటి కొద్దిగా ఒరిగి వలయంగా నిలిచాయి. పువ్వు పోయినా రేకులు మిగిలాయి. చిత్రం పోయినా రంగులు మిగిలాయి.

2015 మే 28న గూగుల్ ‘గూగుల్ ఫొటోస్’ను ప్రత్యేక సాధనంగా ప్రకటించింది. దాని గుర్తు నాలుగు రెక్కల గాలిమర. తిరునాళ్లలో పిల్లలు చేతబట్టుకొని గాలికి ఎదురుగా పరుగెత్తే కాగితపు గాలిమర వంటిదే అది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల రెక్కలు, పదునైన అంచులు, కాగితం మడిచినట్లు తోపించే నీడలు దాని లక్షణాలు. 2020 జూన్‌లో ఆ మడతలూ నీడలూ తొలగిపోయి, రెక్కలు నాలుగు అర్ధవృత్తాలుగా సరళమయ్యాయి. 2025 మేలో గూగుల్ తన ‘జి’ అక్షరంలోని నాలుగు రంగుల మధ్య గీతలను చెరిపి, ఒక రంగు మరొక రంగులోకి మెల్లగా కరిగేటట్లు మార్చింది. ఆ పద్ధతి క్రమంగా దాని ఇతర చిహ్నాలకూ పాకింది.

ఈ వంశవృక్షంలో ఒక క్రమం స్పష్టంగా గోచరిస్తుంది. మొదట యంత్రం, పిదప చిత్రం, ఆ తరువాత వస్తువు నీడ, చివరకు కేవలం రంగు. ఫిల్ము, షట్టరు, డార్క్‌రూము ఎరుగని తరానికి షట్టరు బొమ్మ అర్థం కాదు. రంగు మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. పైగా గోరంత చోటులో సన్నని మడతలు, నీడలు కంటికి ఆనవు. ఆకారం ఎంత సరళమైతే గుర్తుపట్టడం అంత సులభం.

ట్రినిటీలో ఒక పూర్వికుడు

చిత్రాన్ని రంగుల ముక్కలుగా విడగొట్టి మళ్లీ కూర్చడం ఈనాటి ఆలోచన కాదు. 1861 మే 17న లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఒక రంగుల రిబ్బను చిత్రాన్ని ప్రదర్శించాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా విడివిడిగా తీసిన చిత్రాలను అవే వడపోతల గుండా ఒకే తెరపై పడవేయగా రంగులు ప్రత్యక్షమయ్యాయి. విచిత్రమేమంటే, ఆనాటి వెండి లవణపు పూతకు ఎరుపు కాంతిని గ్రహించే శక్తి దాదాపు లేదు. అయినా ప్రయోగం ఎలా ఫలించింది? రిబ్బనులోని ఎర్ర రంగు అతినీలలోహిత కిరణాలను కూడా పరావర్తనం చేసిందనీ, ‘ఎరుపు’ చిత్రం నిజానికి ఆ కంటికి కనబడని కిరణాలతో ఏర్పడిందనీ సుమారు నూరేళ్ల తరువాత కొడాక్ పరిశోధకులు తేల్చారు.

మాక్స్‌వెల్ పద్ధతికి మూడు చిత్రాలు అవసరం. ఒకే ఫలకంపై ఆ పని పూర్తి చేసిన తొలి పరిశోధకులలో ఒకడు డబ్లిన్ ట్రినిటీ కళాశాలకు చెందిన జాన్ జోలీ. 1857లో ఐర్లండులోని ఆఫలీ కౌంటీలో జన్మించిన జోలీ, సముద్రజలంలోని సోడియం పరిమాణం ఆధారంగా భూమి వయస్సును గణించిన శాస్త్రజ్ఞుడుగా కూడా ప్రసిద్ధుడు. 1894లో ఆయన ఒక గాజు పలకపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలను వరుసగా గీశాడు. ఒక్కొక్క గీత వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు కంటె తక్కువ. ఆ పలకను ఛాయాఫలకానికి ఆనించి చిత్రం తీస్తే, ప్రతి గీత కిందా తన రంగుకు చెందిన కాంతి మాత్రమే నమోదవుతుంది. అటువంటి గీతల పలకనే తిరిగి ఆ చిత్రంపై సరిగా అమర్చి చూస్తే రంగులు కనిపిస్తాయి. దూరం నుంచి చూసే కన్ను గీతలను విడివిడిగా గుర్తించలేదు. అది వాటిని కలిపి ఒకే రంగుగా గ్రహిస్తుంది.

1895లో ఈ పద్ధతి విపణిలోకి వచ్చింది గాని, ఆనాటి పూతలు అన్ని రంగులకూ సమంగా స్పందించకపోవడం వల్ల కొద్ది సంవత్సరాలకే కనుమరుగైంది. ఆలోచన మాత్రం బ్రతికింది. 1907లో ఫ్రాన్సులోని లూమియేర్ సోదరులు గీతలకు బదులు రంగులద్దిన బంగాళాదుంప పిండి రేణువులను వాడి ‘ఆటోక్రోమ్’ ఫలకాలను విక్రయించారు. 1913లో మార్గరీట్ మెస్పూలే, మడెలీన్ మీన్యో అనే ఇద్దరు ఫ్రెంచి వనితలు ఆ ఫలకాలతోనే ఐర్లండు పల్లెల రంగుల చిత్రాలు తీశారు. డబ్లిన్‌లో గీతలుగా పుట్టిన ఊహకు, ఐర్లండు దేశం బంగాళాదుంప రేణువుల ద్వారా రంగులలో దర్శనమివ్వడం చరిత్రలోని ఒక చమత్కారం.

నేటి ఫోను కెమెరాలోనూ ఇదే సూత్రం పనిచేస్తున్నది. కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ 1975లో నిర్మించిన తొలి డిజిటల్ కెమెరా చిత్రంలో 10,000 బిందువులే ఉండేవి. ఒక చిత్రాన్ని క్యాసెట్టు టేపుపై నమోదు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. అది నలుపు తెలుపు కెమెరా. అదే సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరికలో, కాంతిని గ్రహించే గళ్లపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు చదరంగపు పలకలా ఉంటాయి. సగం గళ్లు ఆకుపచ్చ, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. వెలుగు నీడల సూక్ష్మభేదాలను కన్ను ఆకుపచ్చ ప్రాంతంలోనే ఎక్కువగా గ్రహిస్తుంది గనుక దానికి రెట్టింపు వాటా. ఒక్కొక్క గడి ఒక రంగును మాత్రమే కొలుస్తుంది. మిగిలిన రెండు రంగులను ఇరుగు పొరుగు గళ్లను చూసి ఫోను లెక్కగడుతుంది. కావున ఫోనులోని ప్రతి చిత్రంలోనూ వర్ణ సమాచారంలో మూడింట రెండు వంతులు గణించినదే గాని కొలిచినది కాదు.

పసుపు లేని పసుపు

ఇప్పుడు గాలిమర వద్దకు తిరిగి వస్తే, దాని పసుపు రెక్కలో ఒక రహస్యం ఉన్నది. ఆ రెక్క నుంచి పసుపు కాంతి వెలువడదు. ఫోను తెరపై ప్రతి బిందువులోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడే ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు కలిసి వెలిగినప్పుడు కన్ను దానిని పసుపుగా భావిస్తుంది. నిజమైన పసుపు కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 580 నానోమీటర్లు. అది కంటిలోని రెండు రకాల శంకుకణాలను, అనగా దీర్ఘ, మధ్యమ తరంగాలకు స్పందించేవాటిని, ఏకకాలంలో ఉత్తేజపరుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ కాంతులు కలిసినా అదే రెండు కణాలు అదే పాళ్లలో ఉత్తేజితమవుతాయి. మెదడుకు చేరే సమాచారం ఒక్కటే గనుక తేడా తెలియదు.

వంటింటిలోని పసుపు పొడి మరొక దారిలో పసుపుగా కనిపిస్తుంది. అందులోని కర్క్యుమిన్ అనే పదార్థం ఊదా, నీలం కాంతిని పీల్చుకొని, మిగిలినదానిని వెనుకకు పంపుతుంది. తెల్లని కాంతి నుంచి నీలాన్ని తీసివేయగా మిగిలినది పసుపు. ఆ పసుపుకే సున్నం కలిపితే క్షారగుణం వల్ల అణువులోని ఎలక్ట్రానుల అమరిక మారి, అది పొడవైన తరంగాలను పీల్చడం మొదలుపెట్టి ఎర్రని పారాణి అవుతుంది. పెండ్లికూతురి పాదాల పారాణి, దానిని చూపే తెర, ఈ రెండూ ఎరుపును భిన్నమార్గాలలో సాధిస్తున్నాయి.

గాలిమరలోని నాలుగు రంగులు కాంతిని కలిపే మూడు మూలవర్ణాలూ కావు, ముద్రణకు వాడే మూడు సిరాలూ కావు. అవి గూగుల్ చిహ్నం నుంచి వచ్చినవి. ఆ చిహ్నాన్ని రూపొందించిన రూత్ కెడార్ చిత్రకారుల మూలవర్ణాలైన ఎరుపు, పసుపు, నీలాలకు నియమభంగంగా ఆకుపచ్చను చేర్చినట్లు వివరించింది. అయితే 19వ శతాబ్దంలో జర్మను శాస్త్రజ్ఞుడు ఎవాల్డ్ హెరింగ్ మానవ దృష్టికి మూలమని ప్రతిపాదించిన నాలుగు వర్ణాలు సరిగ్గా ఇవే. ఎరుపుకు ఆకుపచ్చ, పసుపుకు నీలం ప్రత్యర్థులని ఆయన సిద్ధాంతం. ఎర్రని ఆకుపచ్చ, పసుపుపచ్చని నీలం అనే రంగులను ఎవరూ ఊహించలేకపోవడం అందుకు సాక్ష్యం. నియమభంగమని భావించిన ఎంపిక కంటి స్వభావానికి దగ్గరగా రావడం గమనించదగినది.

కూడిక, తీసివేత

ఆపిల్ రేకుల గుర్తులో వేరొక పాఠం ఉన్నది. రెండు రేకులు ఒకదానిపై ఒకటి పడిన చోట రంగు ముదురుతుంది. కాంతికి కాంతి తోడైతే వెలుగు పెరగాలి కదా? రేకులు అక్కడ దీపాలుగా గాక రంగుగాజు ముక్కలుగా ప్రవర్తిస్తున్నాయి. ఒక గాజు కొంత కాంతిని తీసివేస్తే, రెండవది మరికొంత తీసివేస్తుంది. తెరపై కాంతుల కూడికతో వెలిగే చిత్రమే రంజకాల తీసివేతను అభినయిస్తున్నదన్నమాట.

కాగితంపై చిత్రానికి తీసివేతే గతి. లూకన్‌కు పొరుగున, కిల్డేర్ కౌంటీ సరిహద్దు దాటగానే వచ్చే లీక్‌స్లిప్‌లో 1995లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ ఇంక్‌జెట్ ముద్రణకు సంబంధించిన కర్మాగారాన్ని నెలకొల్పింది. 2017లో దాని మూసివేతను ప్రకటించారు. అటువంటి ముద్రణలో వాడే సిరాలు సయాన్ అనే పచ్చని నీలం, మెజెంటా అనే ఊదా ఎరుపు, పసుపు. సయాన్ ఎర్ర కాంతిని, మెజెంటా ఆకుపచ్చ కాంతిని, పసుపు నీలి కాంతిని పీల్చుకుంటాయి. గాలిమరను కాగితంపై ముద్రిస్తే దాని పసుపు రెక్కకు ఒకే సిరా చాలు. ఎరుపుకు మెజెంటా, పసుపు కలవాలి. ఆకుపచ్చకు సయాన్, పసుపు కలవాలి. నీలానికి సయాన్, మెజెంటా కలవాలి. తెరపై రెండు దీపాలు కోరిన పసుపు కాగితంపై ఒంటరిగా నిలుస్తుంది. ఒంటరిగా వెలిగిన ఎరుపు, ఆకుపచ్చ, నీలాలు కాగితంపై జంటను కోరుతాయి.

ఎర్రబడుతున్న పెండ్లి చిత్రాలు

ఈ తీసివేత లెక్క తెలుగు ఇండ్లలోని పాత ఆల్బములకు నేరుగా వర్తిస్తుంది. 1970, 80 దశకాలలో తీసిన రంగుల ఫోటోలలో అనేకం నేడు ఎర్రగానో, గోధుమ రంగుగానో మారిపోయాయి. ఆ కాగితంలో మూడు పొరలుగా సయాన్, మెజెంటా, పసుపు రంజకాలు ఉంటాయి. డెవలపరు ద్రావణం వెండి లవణాన్ని క్షయకరణం చేస్తూ తాను ఆక్సీకరణం చెంది, పొరలోని మరొక పదార్థంతో జతకూడగా ఈ రంజకాలు పుడతాయి. తరువాత వెండినంతటినీ తొలగిస్తారు. మిగిలేది కర్బన రంజకం మాత్రమే. ఆనాటి సయాన్ రంజకం చీకటిలో భద్రపరచినా వేడికి, తేమకు విచ్ఛిన్నమయ్యేది. సయాన్ తగ్గితే ఎర్ర కాంతిని పీల్చేవారు లేక చిత్రమంతా ఎర్రబడుతుంది. సయాన్, పసుపు కలయికతో ఏర్పడిన మామిడి తోరణాల పచ్చదనం సయాన్ క్షీణించగానే ఎండుటాకు రంగుకు దిగుతుంది. 1980ల మధ్య నుంచి మెరుగైన రంజకాలు రావడంతో ఈ లోపం తగ్గింది.

ఇందుకు భిన్నంగా నలుపు తెలుపు చిత్రంలో మిగిలేది లోహరూపంలోని వెండి. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన గాజు నెగటివులు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. వెండికీ శత్రువు లేకపోలేదు. అది గంధకం. వెండి పట్టీలను నల్లబరచేదీ, సరిగా కడగని పాత ఫోటోను పసుపుపచ్చగా మార్చేదీ గంధక సమ్మేళనాలే. లూకన్ ఊటలో రోగులు కోరి తాగిన గంధకమే ఛాయాచిత్రానికి విషం. అయినా, సక్రమంగా శుభ్రపరచిన వెండి చిత్రం నూరేళ్లకు పైగా నిలుస్తుంది. ముత్తాతగారి నలుపు తెలుపు చిత్రం స్ఫుటంగా ఉండి, వారి మనుమరాలి రంగుల పెండ్లి చిత్రం వెలిసిపోవడానికి కారణం ఇదే.

అంకెలు చెరగవు గాని

డిజిటల్ చిత్రం అంకెల వరుస. అంకెలకు రంగు లేదు గనుక వెలిసిపోయే ప్రశ్న లేదు. ఈ విశ్వాసంతోనే ప్రపంచం తన జ్ఞాపకాలను గాలిమరకు అప్పగించింది. 2020 నవంబరు నాటికి గూగుల్ ఫొటోస్‌లో 4 లక్షల కోట్ల చిత్రాలు ఉన్నాయనీ, వారానికి 2,800 కోట్ల చిత్రాలు, వీడియోలు చేరుతున్నాయనీ ఆ సంస్థ ప్రకటించింది. ఆ ప్రకటనలోనే అపరిమితమైన ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగుస్తుందని కూడా తెలిపింది.

రంజకం అణువు విరిగితే చిత్రం చెడుతుంది. అంకెల చిత్రం సేవ నిలిచిపోతే చెడుతుంది. పికాసాకు 2016 మార్చి 15తో మద్దతు ముగిసింది. వెబ్ ఆల్బములలోని చిత్రాలు గాలిమర కిందికి చేరాయి గాని, వాటికి జతపరచిన వ్యాఖ్యల వంటివాటిని చూడటానికి ‘ఆల్బమ్ ఆర్కైవ్’ అనే వేరొక చోటు ఏర్పరచవలసి వచ్చింది. 2023 జూలై 19న అదీ మూతపడింది. చిత్రం నిలిచినా, ‘ఎడమ నుంచి మూడవవారు పెద్దత్తయ్య’ అని చెప్పే మాట నిలవకపోతే రెండు తరాల తరువాత అది అపరిచితుల చిత్రమే.

మరొక ప్రమాదం మరింత నిశ్శబ్దమైనది. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 మేలో ప్రకటించి, ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలుకు పూనుకుంది. స్వదేశంలోని తల్లిదండ్రులు గతించిన తరువాత వారి ఫోనును ఎవరూ తెరవకపోతే, వారు తీసిన చిత్రాలు ఎవరికీ తెలియకుండానే పోవచ్చు. విదేశాలలో స్థిరపడిన కుటుంబాలకు ఇది ఊహామాత్రపు ఆపద కాదు.

చేయదగిన పనులు

రసాయన శాస్త్రం ప్రకారం మొదటి కర్తవ్యం ఎర్రబడుతున్న పాత చిత్రాలను వెంటనే స్కాన్ చేయడం. సయాన్ రంజకం పదిపాళ్లలో మూడు పాళ్లు మిగిలి ఉన్నా కంప్యూటరు దానిని హెచ్చించి చాలావరకు పూర్వపు రంగులను తిరిగి తేగలదు. పూర్తిగా నశించినచోట హెచ్చించడానికి ఏమీ ఉండదు. ఆ తరువాత వేసే రంగు ఊహయే అవుతుంది. వేసవి తాపం గల కోస్తా జిల్లాలలోని ఇండ్లలో ఈ క్షయం మరింత వేగంగా సాగుతుంది. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో పెరగడమే అందుకు కారణం. ఐర్లండు చల్లదనం ఆల్బములకు మేలు చేసేదే గాని, అక్కడి చెమ్మ వల్ల జెలటిన్ పొరపై బూజు పట్టే అవకాశం ఉంది. కావున గోడవారగా, అటకపై గాక పొడిగా ఉండే లోపలి అలమారలో వాటిని ఉంచడం మంచిది.

రెండవది, డిజిటల్ చిత్రాలను ఒకే సంస్థకు అప్పగించకుండా ఇంట్లో ఒక డిస్కుపై, వేరొక ఊరిలోని బంధువుల వద్ద మరొక డిస్కుపై ప్రతులు ఉంచడం. మూడవది, వృద్ధుల ఖాతాలకు వారసులను వారి అనుమతితో ముందే నియమించడం. అందుకు తగిన ఏర్పాటు గూగుల్ ఖాతాలో 2013 నుంచి ఉన్నది. నాలుగవది అన్నింటికంటె సులభమైనది, అన్నింటికంటె ఎక్కువగా విస్మరించబడేది. ముఖ్యమైన చిత్రాలను మంచి కాగితంపై ముద్రించి, వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం వ్రాయడం. పెన్సిలులోని గ్రాఫైటు శుద్ధ కర్బనం. అది కాంతికి వెలవదు, తేమకు కరగదు, ఏ సంస్థ మూతపడినా చెక్కుచెదరదు.

షట్టరు గాలిమరగా మారింది. గాలిమర మడతలు విప్పుకొని అర్ధవృత్తాలయింది. రేపు మరొక రూపు ధరించవచ్చు. మారడం గుర్తు స్వభావం. దాని వెనుక ఉన్న ముఖాలను, ఆ ముఖాల పేర్లను తరువాతి తరానికి చేర్చవలసిన బాధ్యత మాత్రం ఆయా కుటుంబాలదే. లూకన్‌లో పుట్టిపెరుగుతున్న పిల్లలకు తమ ముత్తవ్వ చీర పచ్చనిదో, ఎర్రనిదో తెలియాలంటే ఆ పని ఇప్పుడే జరగాలి.